సుమ్నే కరెంటు

మామ పోయిన సంగతి అత్తే ఫోను చేసి చెప్పింది. నేనప్పుడు పొద్దున రైల్లో ఉన్నాను. బెంగళూరుకు పనికి పోయే కేజీఎఫ్ జనమంతా ఒకరి భుజం మీద ఒకరు కునుకు తీసే రైలు అది. ఫోనులో గాలి చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "గట్టిగా చెప్పత్తా" అనేసి నాలుక కరుచుకున్నాను. ఆమె గట్టిగా చెప్పలేదు. గొంతుకు ఆపరేషన్ అయిన నాటి నుంచి ఆమెది గుసగుసే. బంగారుపేటలో దిగి, జనం లేని చోటు వెతుక్కుని, నేనే మళ్లీ చేశాను.

"మామ పోయినాడు పాపా. టీ తాగినాడు, కప్పు కింద పెట్టినాడు, కుర్చీలో అట్లే ఒరిగిపోయినాడు" అంది. "కప్పు కింద పెట్టినాడు, చూడు" అని మళ్లీ అంది.

ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. మామను ఎరగని మీకు కప్పు కింద పెట్టడంలో ఏముందనిపిస్తుంది. చెబుతాను. మా ఊళ్లో బంగారు గనులు, మేమనే మైన్సు, నడిచే కాలంలో, భూమి లోపల ఎక్కడో బండ పగిలితే పైన మా ఇళ్లు ఊగేవి. దాన్ని ఎయిర్‌బ్లాస్ట్ అనేవాళ్లం. అలమరలో గిన్నెలు దొర్లేవి, గోడ మీద పటాలు పడేవి. మైన్సు మూసి, లోపలంతా నీళ్లు నిండాక కూడా అప్పుడప్పుడూ ఒక కుదుపు వచ్చేది. అందుకని మామ ఏ వస్తువునూ ఎత్తులో ఉంచేవాడు కాదు. వాళ్లింట్లో టీవీ నేల మీద, రేడియో నేల మీద, గడియారం కూడా గోడకు ఆనించి నేల మీదే. మా ఇంటికొచ్చినా బల్ల మీదున్న గ్లాసు తీసి కింద పెట్టేవాడు. మా అమ్మ చూసుకోక దాన్ని కాలితో తన్నేది, నీళ్లు ఒలికేవి, ఆయన తప్పేమీ లేనట్టు "పడేది ఎప్పుడైనా పడతాది, కింద ఉంటే పగలదు గదమ్మా" అనేవాడు.

వరసకు ఆయన నాకేమీ కాడు. కోరమండల్ అనే వాడలో, మైన్సువాళ్లు పనివాళ్లకు వరసగా కట్టించిన ఇళ్లలో, మా లైనింటికీ వాళ్ల లైనింటికీ మధ్య ఒకటే గోడ. పుట్టినప్పటి నుంచీ మామా అని పిలిచాను కాబట్టి మామ. మైన్సులో కంప్రెసర్ హౌసులో ఎలక్ట్రీషియను. ఆ కంప్రెసర్లు ఆయనకు జీతమూ ఇచ్చాయి, చెవులూ తీసుకున్నాయి. మగవాళ్ల గొంతులు, తలుపు చప్పుళ్లు, నా గిటారులో లావు తీగలు వినపడేవి. సన్నవీ మెత్తనివీ వినపడేవి కావు. చెవిలో పెట్టుకునే మిషను ఒకటి కొన్నారు. దాన్ని రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టు దాకా పెట్టుకుని పోయి, తిరిగొచ్చి, బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టాడు. "పేటంతా నా చెవిలో సంసారం పెట్టినట్లుండాది" అన్నాడు. ఆ డబ్బా మళ్లీ తెరవలేదు.

మైన్సు మూశాక మా లైన్లలో మగవాళ్లు చాలామంది బనియన్లతో మెట్ల మీద కూర్చుండిపోయారు. నేను వాళ్లను తప్పు పట్టడం లేదు. మా నాన్న కూడా అలాగే కూర్చున్నాడు. మామ మాత్రం షిఫ్టు వేళకు లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బూట్లు కట్టుకుని, ముందు గుమ్మంలోంచి బయటికి పోయేవాడు. పోయి, ఇల్లు చుట్టి, పక్క వాకిలిలోంచి తన వరండాలోకి వచ్చేవాడు. అదీ డ్యూటీకి పోవడం. వరండాలో గోనెసంచి పరిచి, దాని మీద మిక్సీలు, రేడియోలు, పెళ్లిళ్ల మైకుసెట్లు విప్పుకుని కూర్చునేవాడు. పని లేని రోజు తన రేడియోనే విప్పేవాడు.

"బాగుండే రేడియోను యాల ఇప్పతావు?" అనేది అత్త.

"రోగం వచ్చినాకే డాక్టరు దగ్గరకి పోతామా?"

"ఇంగెప్పుడు పోతాం మరి?"

దానికి ఆయన స్క్రూడ్రైవరు కోసం వెతుకుతున్నట్టు నటించేవాడు.

ఇదంతా అత్తకు గొంతు ఉన్నప్పటి మాట. మా చర్చిలో, మేము గుడి అనేదాంట్లో, తెలుగు సంఘం పాటల బృందంలో ఆమెది ముందు వరుస. గిన్నెలు తోముతూ పాడుతుంటే గోడకు ఇవతల నేను గిటారు పట్టుకుని శ్రుతి కలుపుకునేదాన్ని. నాకు ఆమె తెలియకుండా నేర్పిన పాటలు, తెలిసి నేర్పిన పాటల కంటే ఎక్కువ. తర్వాత ఆమె మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు, ప్రాణానికి ఢోకా లేదన్నారు, నిజంగానే లేదు. గొంతు మాత్రం దారం పోగులా మిగిలింది. ఆమె ముందు వరుస వదిలేసి గుడిలో చివరి బెంచీకి వెళ్లిపోయింది. అడిగితే నవ్వి, చేత్తో గొంతు చూపించేది.

అసలు కష్టం గుడిలో కాదు, ఇంట్లో. ఆమెకు గట్టిగా మాట రాదు, ఆయనకు మెత్తగా వినపడదు. ఆమె ఏదో అంటుంది. ఆయన "ఆఁ?" అంటాడు. ఆమె మళ్లీ అంటుంది. ఆయన మళ్లీ "ఆఁ?" అంటాడు. మూడోసారికి ఆమె ఏమీ లేదని చెయ్యి ఊపేస్తుంది. కొన్నాళ్లకు చాలా సంగతులు మొదటిసారి చెప్పడం కూడా మానేసింది. గోడకు ఇవతల నాకు ఆయన మాటలు మాత్రమే వినిపించేవి. మాట, తర్వాత ఒక ఖాళీ, మళ్లీ ఆయన మాటే. ఏళ్ల తరబడి జంటగా విన్న ఇల్లు అలా ఒంటిగా వినపడుతుంటే నాకు అన్నం సహించేది కాదు. రెండు గొంతులున్న ఇల్లు ఒక గొంతుకు అలవాటు పడిపోతుందేమోనని భయం వేసేది.

ఆ రోజుల్లోనే గుడిలో ఉన్న గిటారు ఆంప్లిఫయరు చెడింది. అది పాతకాలపు ట్రాన్సిస్టర్ పెట్టె. మైన్సు ఆఫీసర్ల క్లబ్బులో డాన్సులకు వాడింది. క్లబ్బు సామాన్లు అమ్మేసినప్పుడు ఎవరో కొని సంఘానికి ఇచ్చారు. ముందర ఉన్న పేరులో సగం అక్షరాలు రాలిపోయాయి. ఒకసారి లోపల ట్రాన్సిస్టర్లు కాలితే పేటలో ఒక మెకానిక్కు కొత్తవి వేసి ఇచ్చాడు. అప్పటి నుంచి దానికో జబ్బు పట్టింది. గట్టిగా వాయిస్తే బ్రహ్మాండంగా పలికేది. మెత్తగా వాయిస్తే మాత్రం ప్రతి స్వరానికీ ఇసుక అంటుకున్నట్టు గరగర. సంఘం పెద్దలు దాన్ని తూకానికి వేసి కొత్తది కొందామన్నారు. మామ లేచి నిలబడి, "ఒక వారం నాకియ్యండి. అది సావలేదు, సలి పట్టి ఉండాది" అన్నాడు.

మరునాడు అది గోనెసంచి మీద బోర్లా పడి ఉంది. నేను పనికి సెలవు పెట్టి గిటారు తీసుకుపోయాను, ఎందుకంటే ఆ గరగర మామకు వినపడదు. జబ్బు వినపడని డాక్టరుకు నా చెవులు కావాలి.

"దీంట్లో రెండు గ్యాంగులు ఉండాయి పాపా" అని మొదలుపెట్టాడు. ఏ యంత్రం గురించి చెప్పినా ఆయన మైన్సు నుంచే మొదలుపెట్టేవాడు. "ఒక గ్యాంగు నెట్టతాది, ఒక గ్యాంగు గుంజతాది. ఒకరి షిఫ్టు అయిపోయి ఇంగొకరి షిఫ్టు వచ్చే సందు ఉంటాది సూడు, ఆడ ఉండాది తిరకాసు. రెండో షిఫ్టోళ్లు ముందే వచ్చి గేటు కాడ నిలబడి ఉండాల. ఇండ్లల్లో నిద్రపోతా ఉండి, సంగు కూసినాక లేసి వస్తే మధ్యలో పంపు ఎవురు తోలేది?" సంగు అంటే మా ఊళ్లో షిఫ్టు సైరన్.

"అంటే వీళ్లు నిద్రపోతున్నారా?" అన్నాను, లోపలున్న రేకు ట్రాన్సిస్టర్లను చూపించి.

"ఆ మెకానిక్కు జో కొట్టి పండబెట్టినాడు. మళ్లీ కాలిపోతే మాట వస్తాదని ప్రీసెట్టు మొత్తం కిందికి తిప్పేసినాడు. గట్టిగా వాయిస్తే లేస్తారు. మెత్తగా పిలిస్తే ఎవురు లేస్తారు? మెత్తని మాటలన్నీ ఆ సందులో పడి సస్తాండాయి." ప్రీసెట్టంటే లోపల ఉండే చిన్న తిరుగుడు బిళ్ల. దాన్ని స్క్రూడ్రైవరు మొనతో వెంట్రుకవాసి తిప్పితే, ఎవరూ వాయించనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో కొంచెం కరెంటు పారుతుంటుంది. పుస్తకాల్లో దాన్ని బయాస్ అంటారు. మామ సుమ్నే కరెంటు అనేవాడు. సుమ్నే అంటే కన్నడంలో ఊరికే అని. "సుమ్నే కూసున్నా లోపల రవ్వంత పారతా ఉండాల. ఎక్కువ పారితే కాలి సస్తాది, పారకుంటే పిలిస్తే పలకదు" అనేవాడు. ఈ మాట ఆయన పెట్టెకే చెప్పాడో, మెట్ల మీది బనియన్లకు కూడా చెప్పాడో నాకు తెలియదు. ఇస్త్రీ చొక్కాతో వరండాలో కూర్చున్న మనిషి నోట విన్నాను కాబట్టి నాకు రెండూ వినిపించాయి.

మొదట కరెంటు తీగకు అడ్డంగా ఒక బల్బు కట్టి పెట్టె వెలిగించాడు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గుమంటుంది, లేకపోతే మిణుకుమని తగ్గిపోతుంది. తగ్గింది. బల్బు తీసేసి, మీటరు తగిలించి, ప్రీసెట్టు తిప్పడం మొదలుపెట్టాడు. నేను సన్న తీగ మీద మెల్లగా ఒక్కో స్వరం మీటుతున్నాను.

"గరగర ఉండాదా?"

"ఉంది మామా."

ఇంకొంచెం తిప్పాడు. "ఇప్పుడు?"

"పోయినట్టుంది."

వంటింటి గుమ్మంలో అత్త తల అడ్డంగా ఊపింది. పోలేదంటోంది. మా ముగ్గురిలో చెవి ఆమెదే. ఇంకొంచెం, ఇంకొంచెం అని ఆమె వేళ్లతో చూపించడం, నేను అరిచి మామకు చెప్పడం, ఆయన తిప్పడం. చివరికి ఆమె కళ్లు మూసుకుని విని, చాలు అన్నట్టు అరచెయ్యి ఎత్తింది. నిజంగానే ఇసుక కడిగేసినట్టు పోయింది. మామ పెట్టె వెనక వేడిని బయటికి వదిలే హీట్ సింకు రేకుల మీద వేళ్ల వెనకవైపు ఆనించి చూశాడు. ఎలక్ట్రీషియన్లు దేన్నీ వేళ్ల కొసలతో తాకరు. షాక్ కొడితే వేళ్లు ముడుచుకుని తీగనే పట్టుకుంటాయట, వెనకవైపు ఆనిస్తే చెయ్యి తనంతట తాను ఇవతలికి వస్తుందట. ఆయనకు ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, నాకు జ్వరమొస్తే నుదుటి మీదా అదే వెనకవేళ్లు, అత్త చెయ్యి పట్టుకోవాలన్నా ముందు అదే వెనకవేళ్లు.

"గోరువెచ్చగా ఉండాది. సాకు" అన్నాడు. సాకంటే కన్నడంలో చాలు అని. తర్వాత అత్త వైపు తిరక్కుండా, పెట్టెతో మాట్లాడుతున్నట్టు, "దీంట్లో మైకు కూడా పెట్టొచ్చు. కోత పండగకి ఎవురన్నా మెత్తగా పాడేవాళ్లుంటే పాడొచ్చు" అన్నాడు.

గుడి కోసం, గుడి కోసం అని అప్పటిదాకా చెప్పిన మనిషి ఆ పెట్టెను ఎవరి కోసం విప్పాడో నాకప్పుడు తెలిసింది. అత్తకూ తెలిసినట్టుంది. ఆమె లోపలికి వెళ్లి మాకిద్దరికీ టీ తెచ్చింది.

ఆ శనివారం సాయంత్రం గుడిలో పాటల అభ్యాసం. ఎంత బతిమాలితేనో అత్త మైకు పట్టుకుంది. సాయంకాలపు కీర్తన ఒకటి ఎత్తుకుంది. ఆ దారం పోగు గొంతు పెట్టెలోంచి చిక్కు లేకుండా వచ్చింది. మొదటి చరణం అయింది. రెండో చరణంలో నాకు వేడి రేకు వాసన తగిలింది. మామ రేకుల మీద వెనకవేళ్లు ఆనించి, చటుక్కున తీసేశాడు. ఆయన స్విచ్చు అందుకునే లోపే లోపల ఫ్యూజు టప్పున పోయింది. పాట నడి మధ్యలో తెగిపోయింది. అత్త పాడుతూనే ఉంది, పెదవులు కదులుతున్నాయి, ఎవరికీ ఏమీ వినపడటం లేదు. ఆ సంగతి ఆమెకు తెలిసిన క్షణం నేను చూశాను. మైకును నెమ్మదిగా బెంచీ మీద పెట్టి, చెప్పులు వేసుకుని, ఇంటికి నడిచి వెళ్లిపోయింది. నాకు పట్టరాని కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

తర్వాత రెండు రోజులు ఆ ఇంట్లో ఆయన మాట కూడా వినపడలేదు. అప్పుడు నిజంగా భయపడ్డాను.

తప్పెక్కడుందో చెప్పింది పక్కనున్న కామసముద్రం రైతు ఒకాయన. మోటారు స్టార్టరు బాగుచేయించుకోవడానికి వచ్చి వరండాలో కూర్చున్నాడు. పెట్టె ఆగిపోయిన కథ విని, "ఏ పొద్దులో సరి చేసినావప్పా?" అన్నాడు.

"మద్యాన్నం."

"మద్యాన్నం మా మోటర్లన్నీ ఆడతా ఉంటాయి గదా. కరెంటు ఈడ్సుకుపోయి బల్బులు పండిపోయిన మామిడికాయల మాదిరి ఎర్రగా ఎలగతాయి. సాయంత్రం మోటర్లు నిలిపినాక సూడు, ఒక్కసారిగా తెల్లగా లేస్తాయి. నువ్వు గోడలో కరెంటు కొలవలేదా?"

మధ్యాహ్నపు నీరసం కరెంటుకు తిప్పిన ప్రీసెట్టు సాయంత్రపు నిండు కరెంటుకు ఎక్కువైపోయింది. మామ కొలవలేదు. కేజీఎఫ్ కరెంటును కొలవడమేమిటి? మైన్సు నడిచినన్నాళ్లూ మా ఊరి కరెంటు ఊగింది లేదు, పోయింది లేదు. గనిలోకి దిగే షాఫ్టులో మనుషులు కిందా మీదా ఉండగా కరెంటు ఊగితే ఇంకేమైనా ఉందా? చుట్టుపక్కల ఊళ్లు బుడ్డిదీపాలతో ఉన్నప్పుడు మా లైన్లలో బల్బులు వెలిగాయని ముసలివాళ్లు మీసాలు తిప్పేవాళ్లు. మామ మైన్సు మూసిన సంగతి ఒప్పుకున్నాడు, పెన్షను తగ్గిన సంగతి ఒప్పుకున్నాడు, గోడలోని కరెంటు కూడా మైన్సుతో పాటే పోయిందన్న సంగతి మాత్రం ఆయన మనసుకు ఎవరూ చెప్పలేదు. ఈ తప్పు వేరే ఊరి మెకానిక్కు చెయ్యడు. వాడికి కరెంటు మీద నమ్మకం ఉండదు. నమ్మకం ఉన్న మా ఊరివాడే చెయ్యాలి.

రైతు వెళ్లిపోయాక ఆయన మీటరు తెచ్చి గోడ ప్లగ్గులో గుచ్చాడు. చాలాసేపు ఆ ముల్లు వంక చూస్తూ కూర్చున్నాడు. తర్వాత నన్ను చూసి నవ్వాడు. "గోడను నమ్మి పెండ్లాన్ని ఏడిపించినాను పాపా" అన్నాడు.

ఈసారి సాయంత్రమయ్యేదాకా ఆగాడు. పొలాల మోటార్లు ఆగి, బల్బులు తెల్లబడ్డాక, కరెంటు బాగా ఎక్కిన వేళ, కొత్త ఫ్యూజు వేసి ప్రీసెట్టు సరిచేశాడు. వేడి తెలుసుకుని కరెంటును తగ్గించాల్సిన చిన్న డయోడు ఒకటి రేకుకు అంటుకోకుండా గాల్లో వేలాడుతోందని కూడా అప్పుడే కనిపెట్టి, దాన్ని తెల్ల పేస్టుతో అతికించి బిగించాడు. "సూడు, ఈడికి వేడి తగలకుంటే ఈడు ఎట్ల సెప్తాడు?" అని దాన్నీ తిట్టాడు. తిప్పడం, ఆగడం, వెనకవేళ్లు ఆనించడం, మళ్లీ రవ్వంత తిప్పడం. తొందరపడితే "వేడి దాని పాటికి అది వస్తాది, నువ్వు పిలిస్తే రాదు" అనేవాడు. చివరికి ప్రీసెట్టు కదలకుండా దాని మీద ఎర్ర గోళ్లరంగు ఒక చుక్క వేశాడు, ఎయిర్‌బ్లాస్టు వచ్చినా జరగకూడదని. ఆ గోళ్లరంగు సీసా పేటలో ఫ్యాన్సీ స్టోర్సులో ఎప్పుడో తానే కొన్నాడు. ఆ వయసులో ఎవరికని అడిగిన దుకాణం పిల్లకు, "మా ఇంటామెకు" అని చెప్పాడట. జీవితంలో గోళ్లరంగు ఎరగని అత్త ఆ పిల్ల చూపులకు నెల రోజులు ఆ వీధిలోకే పోలేదు.

పెట్టె సిద్ధమైంది. అత్త మాత్రం వంటింట్లోంచి రాలేదు. పాడనంటే పాడను. మామ బతిమాలలేదు. మైకు తీగ పొడుగ్గా సాగదీసుకుంటూ వంటింటి గుమ్మం దాకా పోయి, ఆమె కూర్చున్న పీట పక్కన నేల మీద మైకు పెట్టాడు. తిరిగొచ్చి స్పీకరు ముందు చెవి ఆనించి కూర్చున్నాడు.

"పాడొద్దులే. ఏందన్నా సెప్పు" అన్నాడు.

పొయ్యి మీద గిన్నె చప్పుడు మాత్రం పెట్టెలోంచి వస్తోంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె ఇప్పుడు పలకకపోతే ఇంకెప్పటికీ పలకదని నాకు గట్టిగా అనిపించింది.

"పోయిన వారం కూరలో ఉప్పు సాలలేదని అంటివి గదా" అంది అత్త గొంతు, స్పీకరులోంచి, సన్నగా, స్పష్టంగా. "డాక్టరు నీకు ఉప్పు తగ్గీమన్నాడని సెప్పితిని. నీకు ఇనపడలా. నాలుగు నెలల నుంచి సెప్తానే ఉండాను."

మామ కళ్లు తెరిచాడు. "ఉప్పా?" అన్నాడు. "నాలుగు నెలల నుంచి సప్పిడి కూర తింటాండేది దానికా? నీకు నా మీద కోపమనుకుంటి గదమే!"

"కోపం కూడా ఉండాది. సెప్పేదా?"

"సెప్పు. అంతా సెప్పు."

ఆమె చెప్పింది. బిస్కెట్ల డబ్బాలో పెట్టిన చెవి మిషను గురించి, రోజూ బూట్లతో వంటింట్లోకి రావడం గురించి, గోళ్లరంగు గురించి. నేను అక్కడే ఉన్నానన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఆయన ప్రతి తిట్టుకూ తల ఊపుతూ, కన్నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, "ఆఁ, ఇంగ?" అంటున్నాడు. ఆ "ఆఁ" వేరు. వినపడలేదన్న ఆఁ కాదు, ఇంకా చెప్పమనే ఆఁ. నేను గిటారు అక్కడే వదిలేసి గోడ ఇవతలికి వచ్చేశాను. ఆ సాయంత్రం మా ఇంటి గోడ మళ్లీ రెండు గొంతులతో పలికింది. కడుపునిండా అన్నం తిన్నాను.

కోత పండుగ నాడు ఆమె పాడింది. గుడి ముందర కామసముద్రం వైపు నుంచి వచ్చిన రాగుల మూటలు, మామిడికాయలు, ఒకరు తెచ్చిన పట్టుగూళ్ల చాట. పాట సాగినంతసేపూ మామ పెట్టె పక్కనే నిలబడి, ఒక చెయ్యి స్పీకరు గుడ్డ మీద, ఇంకో చేతి వెనకవేళ్లు రేకుల మీద ఉంచాడు. పెట్టె కాలిపోతుందేమోనని కాపలా కాస్తున్నాడని జనం అనుకున్నారు. గరగర లేదు, వాసన లేదు. పాట చివరిదాకా వచ్చింది. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టినా మామ చెయ్యి తియ్యలేదు. అత్తే వచ్చి మోచెయ్యి పట్టి లాక్కుపోయింది.

తర్వాత ఏడాది సంఘం ఎలాగూ కొత్త సెట్టు కొనింది. పాత పెట్టెను మామకే ఇచ్చేశారు. అది వాళ్ల ముందు గదిలో గోనెసంచి మీద స్థిరపడింది. సాయంత్రం బల్బులు తెల్లబడే వేళకు ఆయన గోడలో కరెంటు కొలిచి పెట్టె వెలిగించేవాడు. గోడను మళ్లీ ఎప్పుడూ నమ్మలేదు. ఆమె వంటింట్లోంచి మైకులో మాట్లాడేది. వాళ్లింట్లో ఏం కూరో, ఎవరికి మలబద్ధకమో లైనంతటికీ తెలిసేది. పని అయిపోయాక ఒకటో రెండో పాటలు. చుట్టుపక్కల వాళ్లు మెట్ల మీదికి వచ్చి కూర్చునేవాళ్లు, మా నాన్నతో సహా. నేను రైలు దిగి నడిచొచ్చేటప్పుడు మైన్సు మట్టి పోసిన సైనైడు దిబ్బల అవతల పొద్దు కుంకుతుండగా, లైను మొగదల్లోనే ఆమె గొంతు వినపడితే, ఇంటికొచ్చినట్టుండేది.

మామ భూస్థాపన రోజు అయ్యగారు ఒక పాట పాడమని అత్తను అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. కొత్త సెట్టు చాలా గట్టిగా, చాలా శుభ్రంగా పలికింది. నేను వాయించాను. ఏం వాయించానో గుర్తు లేదు.

మొన్న సాయంత్రం రైలు దిగి వాళ్లింటికి వెళ్లాను. ఆయన కుర్చీ అక్కడే ఉంది. దాని పక్కన నేల మీద కప్పు, కడిగి బోర్లించి ఉంది. పెట్టె మీద దుమ్ము లేదు, కానీ దాని ముందున్న చిన్న ఎర్ర దీపం వెలగడం లేదు. అత్త నాకు టీ ఇచ్చి, తనూ ఒక గ్లాసు తెచ్చుకుని, దాన్ని నేల మీద పెట్టి కూర్చుంది. టీ తాగేలోపు గదిలో బల్బు ఎర్రెర్రగా ఉన్నది కాస్తా తెల్లబడింది. కామసముద్రం వైపు మోటార్లు ఆగినట్టున్నాయి.

ఆమె తల ఎత్తి బల్బును చూసింది. "కరెంటు ఎట్లుండాదో కొలువు పాపా" అంది.

మామ మీటరు తీసి గోడలో గుచ్చి చూశాను. బాగుందన్నాను. ఆమె లేచి, స్విచ్చు వేసింది. ఎర్ర దీపం వెలిగింది. మైకు తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుంది. నేను మా ఇంట్లోంచి గిటారు తెచ్చి తగిలించాను.

"పాడతావా అత్తా?"

"ఉండు. ఇంగా వేడి రాలేదు" అంది, ఆ గుసగుసతోనే.

వంగి, చెయ్యి తిప్పి, వేళ్ల వెనకవైపు ఆ రేకుల మీద ఆనించింది. కళ్లు మూసుకుంది. బయట ఎవరో తలుపు తీసుకుని మెట్ల మీద కూర్చున్న చప్పుడైంది, తర్వాత ఇంకొకరు. ఆమె చెయ్యి తీసేదాకా నేను తీగల మీద అరచెయ్యి ఉంచి కూర్చున్నాను.